ప్రార్థన చేసుకునే బయల్దేరతాను, పదకొండయ్యేసరికి ఓపిక అయిపోతోంది. మీరెలా నిలబడుతున్నారు?

గుంటూరు సిస్టర్:

అందరికీ వందనాలు. ఈ మాట మా సంఘంలో అడిగితే "ప్రార్థన తగ్గిందేమో చూసుకోమ్మా" అంటారని తెలుసు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. నావి పెద్ద శ్రమలేమీ కావు. అప్పులవాళ్ళు ఇంటి మీదికి రాలేదు, తిండికి లోటు లేదు. పెద్ద శ్రమ వచ్చినప్పుడు దేవుడే నిలబెట్టాడు. మా అమ్మ క్యాన్సర్‌తో పోయినప్పుడు హాస్పిటల్లో, సమాధుల తోటలో, ఆ తర్వాత జ్ఞాపకార్థ కూటంలో కూడా నేనే అందరికీ ధైర్యం చెప్పాను, నా విశ్వాసం కదల్లేదు. కానీ ఇప్పుడు రోజూ వచ్చే చిన్న చిన్న విసుగులు నన్ను తినేస్తున్నాయి, నాకు భయంగా ఉన్నది అదే.

నాన్న సంగతే తీసుకోండి. బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. వచ్చేది చిన్న పెన్షనే, కానీ అది తన సొంత డబ్బు అన్న ధీమా ఆయనకి. ఏటా బతికే ఉన్నారని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, ఈసారి వేలిముద్రలు పడటం లేదు. ఏళ్ళ తరబడి స్టీరింగ్ పట్టుకున్న చేతులు, పైగా వయసు, బొటనవేళ్ళు నున్నగా అరిగిపోయాయి. సెంటర్లో కుర్రాడు తడిగుడ్డతో తుడవమంటాడు. తుడిస్తే "తడిగా ఉంది, ఆరనివ్వండి" అంటాడు. ఆరాక నొక్కితే మళ్ళీ ఎర్ర లైటే. నాన్న ఒక్కో వేలూ మార్చి మార్చి పెడుతుంటే, వెనక లైన్లో వాళ్ళు విసుక్కుంటుంటే, ఆ పిల్లాడు ఫోన్ చూసుకుంటూ "సర్వర్ కూడా స్లోగా ఉంది, రేపు రండి" అంటాడు. అలా ఎన్ని రేపులు తిరిగామో. బ్యాంకులో అడిగితే ఆఫీసుకి వెళ్ళమంటారు, ఆఫీసులో అడిగితే బ్యాంకుకే వెళ్ళమంటారు. ఈలోపు పెన్షన్ ఆగిపోయింది.

ఇది కాక కుళాయి వచ్చే టైముకే పైవాళ్ళు మోటారు వేస్తారు, మా బిందెలోకి సన్నటి దార వస్తుంది. నేను ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తాను, జీతం ఏ తారీఖున పడుతుందో తెలియదు కానీ ఐదు నిమిషాలు లేటయితే సగం రోజు కట్. సాయంత్రం ఇంటికొచ్చాక పేపర్లు దిద్దుకోవాలి. ఇవన్నీ బయట ఎలాగో నవ్వుతూనే నెట్టుకొస్తాను, ఇంటికి చేరాక నాన్న "ఏమ్మా, డబ్బు పడిందా?" అని రెండోసారి అడిగితే మాత్రం గొంతు లేస్తుంది. ఆయన మారు మాట్లాడరు, టీవీ సౌండ్ తగ్గించుకుంటారు. నాకు అదింకా కష్టంగా ఉంటుంది.

తెల్లవారుజామున ఐదింటికి లేచి వాక్యం చదువుకుంటాను. మోకాళ్ళ మీద నుంచి లేచేటప్పుడు మనసు నెమ్మదిగానే ఉంటుంది. మరి ఆ నెమ్మది మధ్యాహ్నం దాకా ఎందుకు ఉండట్లేదు? స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడతో కొంచెం చెప్పుకుంటే "యోబు భక్తుణ్ణి చూడమ్మా, ఎంత ఓర్చుకున్నాడు, నీకొచ్చినవి ఏపాటివి" అన్నారు. ప్రేమతోనే అన్నారు, నేను ఇంటికొచ్చి ఏడ్చాను. విసుగు రావడమే అవిశ్వాసమా? సెంటర్లో గట్టిగా అడిగితే సాక్ష్యం (విశ్వాసిగా నాకున్న మంచి పేరు) పోగొట్టుకున్నట్టా? మీరు రోజువారీ ఏం చేస్తున్నారో చెప్పండి. "ప్రార్థన చేయండి" ఒక్కటే రాయకండి దయచేసి, అది చేస్తూనే అడుగుతున్నాను.

ఒంగోలు పెద్దాయన:

వందనాలు తల్లీ. నేనూ పెన్షనర్నే, కాబట్టి మీ నాన్నగారి వైపు నుంచి కూడా చదివాను.

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మిషనరీ శామ్యూల్ డే గారు 1840లో నెల్లూరు చేరి తెలుగువాళ్ళ మధ్య బాప్టిస్టు మిషన్ పని మొదలుపెట్టారు. ఏళ్ళు గడిచినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలో మిషన్ పెద్దలు ఈ తెలుగు పని మూసేద్దామా అని కూర్చుని చర్చించారంటే చూడు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలైన జ్యూవెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు మా ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. దాన్ని మేము ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. జ్యూవెట్ గారు మధ్యలో ఆరోగ్యం చెడి అమెరికా వెళ్తే అక్కడ మళ్ళీ మూసేసే మాటే వచ్చింది, ఒక్కడినైనా సరే తిరిగి వెళ్తానన్నారు. ఆ అడిగిన మనిషి, జాన్ క్లౌ గారు, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. కొండ మీద ప్రార్థనకి పన్నెండేళ్ళ తర్వాత.

అందరూ చెప్పుకునేది ఆ తర్వాతి కథ. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి, మన తెలుగు బోధకులే వంతులేసుకుని ఇచ్చారు. కన్వెన్షన్లలో ఈ అంకె చెప్పగానే చప్పట్లు కొడతారు. నాకు మాత్రం దానికి ముందు సంగతే ఎప్పుడూ గుర్తొస్తుంది. 1876లో మొదలైన ఆ పెద్ద కరువులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడు మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి దొరికేలా చేశారు. పనికి వచ్చినవాళ్ళు వాక్యం విన్నారు, బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం క్రైస్తవులయ్యారన్న మాట వాళ్ళ మీద పడకూడదని, కరువు సాయం సాగినంతకాలం ఒక్కరికీ ఇవ్వలేదు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఎదురుచూసిన మిషన్, తీరా జనం గుమ్మం ముందు నిలబడితే, ఇంకా ఆగండి అని రోజూ చెప్పాలి. ఎంత కష్టమో ఆలోచించు. ఆ రోజుల గురించి ఎవరూ చప్పట్లు కొట్టరు తల్లీ, కానీ ఓపిక అక్కడుంది.

ఇది నిన్ను చిన్నబుచ్చడానికి చెప్పలేదు. పని జరగని రోజులు కూడా దేవుని లెక్కలో ఉంటాయని చెప్పడానికి.

ఇంకొకటి. సాయంత్రం కుటుంబ ప్రార్థన మీ ఇంట్లో ఎవరు చేస్తారు? నువ్వే అయ్యుంటావు. ఈ వారం మీ నాన్నగారి చేత చేయించు. ఆ సెంటర్లో కుర్రాడి కోసం, పైవాళ్ళ కోసం, స్కూల్లో నీ జీతం కోసం ఆయన్నే ప్రార్థించమను. పెద్దవాళ్ళయ్యాక మమ్మల్ని అందరూ మోస్తారు, మా చేత ఏదీ చేయించరు. "డబ్బు పడిందా" అని మళ్ళీ మళ్ళీ అడగడంలో డబ్బు సంగతి సగమే.

కువైట్‌లో కడప అమ్మాయి:

అక్కా, నేను కువైట్‌లో ఒక ఇంట్లో పెద్ద వయసు మేడమ్‌ని చూసుకుంటాను. నీ పోస్టు రాత్రి రెండింటికి చదివాను, అప్పుడే బెల్లు కొట్టి లేపింది, నీళ్ళు కావాలని. నీళ్ళు తెచ్చేసరికి వద్దంది. పడుకోబోతే మళ్ళీ బెల్లు. ఆమె మనసులో చెడ్డది కాదు, మతిమరుపు. అది తెలిసినా అరికాలి నుంచి మంట లేస్తుంది కదా, ఆ మంట నాకు బాగా తెలుసు.

నేను చేసేది రెండే. ఒకటి, కిచెన్‌కి వెళ్ళి గ్లాసులో నీళ్ళు నింపుతూ కీర్తనల్లో ఒక్క వచనం చెప్పుకుంటాను, 141వ కీర్తనలోది: "యెహోవా, నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము." పెద్ద ప్రార్థన చేసే టైము ఉండదు, గ్లాసు నిండేలోపు ఇది అయిపోతుంది. కోపం పోతుందని చెప్పను అక్కా, కోపం ఉంటుంది, నోటిదాకా రాదు. తలుపు తీసి లోపలికి వెళ్ళేటప్పుడు "నామ్ మామా" (ఔనమ్మా) అని మామూలు గొంతుతోనే అనగలుగుతాను. పొద్దునే చదివిన అధ్యాయం మధ్యాహ్నానికి గుర్తుండదు, ఒక్క వచనమైతే చేతిలో ఉంటుంది.

రెండోది నువ్వు రాయలేదు, నేనడుగుతున్నాను. నువ్వు ఎంతసేపు పడుకుంటున్నావు? ఐదింటికి లేస్తున్నావు, స్కూలు, వంట, నాన్నని తిప్పడం, రాత్రి పేపర్లు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నప్పుడు దేవుడు ఆయనకి మొదట ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే. శుక్రవారం ఆరాధనలో (ఇక్కడ మాకు సెలవు శుక్రవారమే) ఈ భాగం చదివిన రోజు మా గదిలో అమ్మాయిలందరం ఏడ్చేశాం. పేపర్లు ఒకరోజు లేటుగా దిద్దు అక్కా. మధ్యాహ్నం బాక్సు తింటున్నావా, లేక పిల్లల నోట్సులు దిద్దుతూ రెండు ముద్దలు నోట్లో వేసుకుని లేస్తున్నావా? దేవుడు తిండి గురించి ఆలోచించాడు, నువ్వూ ఆలోచించు.

యూనియన్ అన్న:

పెద్దాయన చెప్పిన ఒంగోలు చరిత్ర మీద నాకు గౌరవం ఉంది, అయినా ఒక మాట విభేదిస్తాను. దేవుని కోసం ఎదురుచూడటం వేరు, ఒక ఆఫీసు తన పని తాను చేయనందుకు ఎదురుచూడటం వేరు. రెండోదాన్ని కూడా ఓపిక ఖాతాలో వేసేస్తే నష్టపోయేది ఎప్పుడూ మన లాంటివాళ్ళే. మన సంఘాల్లో ఎక్కువమంది తాతలు, తండ్రులు దొర ముందు చెప్పులు విప్పి నిలబడినవాళ్ళు. వాళ్ళ పిల్లలకి కౌంటర్ దగ్గర గొంతు పెగలకపోతే అది ఆత్మఫలం (పరిశుద్ధాత్మ ఇచ్చే ఓర్పు) అనుకోకండి.

ముందు యోబు సంగతి. ఆ పెద్దావిడ చెప్పిన యోబు, బైబిల్లో యోబు గ్రంథం మొదటి రెండు అధ్యాయాల యోబు, అన్నీ పోయినా దేవుణ్ణి ఒక్క మాట అనని మనిషి. మూడో అధ్యాయంలో ఆయన తాను పుట్టిన దినాన్నే శపించాడు. అక్కడి నుంచి దేవుణ్ణి నిలదీస్తూనే ఉన్నాడు, మధ్యమధ్య స్నేహితులు వచ్చి నీలో ఏదో పాపం ఉంది చూసుకో అంటూనే ఉన్నారు. చివరికి 42వ అధ్యాయంలో దేవుని కోపం రగిలింది ఎవరి మీద? ఆ స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదన్నాడు. బైబిల్లోని యాకోబు పత్రిక యోబు సహనం గురించి చెప్పేది ఈ మొత్తం మనిషిని చూసే. కాబట్టి విసుగు దేవునితో చెప్పుకుంటే అవిశ్వాసం కాదు సిస్టర్, మీరు యోబు పక్కనే ఉన్నారు.

గట్టిగా అడిగితే సాక్ష్యం పోతుందా అన్నారు. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణం జైల్లో దెబ్బలు తిని, కాళ్ళకి బొండ (కదలనివ్వని కొయ్య) వేయించుకుని, అర్ధరాత్రి కీర్తనలు పాడాడు. అది అందరికీ తెలుసు. తెల్లారి అధికారులు చల్లగా వెళ్ళిపొమ్మని కబురు పంపితే మాత్రం పోలేదు. విచారణ లేకుండా రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టించి ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి అన్నాడు. వాళ్ళు వచ్చి బతిమాలుకున్నారు. పాడిన నోరే అడిగింది కూడా. లూకా 18లో అన్యాయస్థుడైన న్యాయాధిపతిని మాటిమాటికీ వచ్చి అడిగిన విధవరాలిని ప్రభువే ప్రార్థనకి ఉదాహరణగా చూపించాడు.

ఇక పని మాట. వేలిముద్రలు పడనివాళ్ళ కోసం ముఖం చూసి ధ్రువీకరించే పద్ధతి, ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సర్కారు ఏర్పాటైన జీవన్ ప్రమాణ్‌లో 2021 నవంబర్ నుంచి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. ప్లే స్టోర్‌లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే యాప్ ఒకటి, జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్ ఇంకొకటి వేసుకోవాలి. నాన్నగారి ఆధార్ నంబర్, పెన్షన్ ఆర్డర్ మీద ఉండే పీపీవో నంబర్, బ్యాంకు ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోండి. పగటి వెలుతురులో, గోడ ముందు కూర్చోబెట్టి, కళ్ళజోడు తీయించి, కళ్ళు ఆర్పమంటే ఆర్పాలి. మా మామయ్యకి వరండాలో పని అయిపోయింది, లోపల ట్యూబ్‌లైట్ కింద కాలేదు. అయ్యాక వచ్చే ప్రమాణ్ ఐడీ రాసిపెట్టుకోండి. ఇది కుదరకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసే సదుపాయం ఉంది, మీ పోస్టాఫీసులో అడగండి.

అప్పటికీ పెన్షన్ కదలకపోతే నోటితో అడగడం ఆపేసి కాగితం మీద అడగండి. తేదీ వేసి, జరిగింది నాలుగు లైన్లలో రాసి, ఇంకో కాపీ మీద స్టాంపు, సంతకం తీసుకోండి. దానికీ జవాబు లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద, ఫైలు ఎవరి దగ్గర ఎన్నాళ్ళుగా ఉందో అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. గొంతు పెంచాల్సిన అవసరమే రాదు. చేతిలో రసీదు ఉన్న మనిషికి కోపం కూడా తగ్గుతుంది, ఇది మా యూనియన్లో చాలామందిని చూసి చెప్తున్నాను.

ఇంకొకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, సెంటర్లో ఆ కుర్రాడు కూడా సర్వర్ కింద నలుగుతున్నవాడే. తిట్టాల్సింది వాణ్ణి కాదు.

ఒంగోలు పెద్దాయన:

యూనియన్ తమ్ముడూ, నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను. క్లౌ గారు కూడా కాలువ కాంట్రాక్టు ప్రభుత్వం దగ్గర అడిగే తెచ్చుకున్నారు, ఇంట్లో కూర్చుంటే ఎవరూ ఇవ్వలేదు. కానీ కాగితం పెట్టిన తర్వాత కూడా 30 రోజులు ఆగాలి కదా. ఆ 30 రోజులు ఎలా బతకాలన్నదే ఈ తల్లి అడుగుతున్నది.

గుంటూరు సిస్టర్:

ఎవరికి ముందు థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ముఖంతో చేసే పద్ధతి గురించి మాకు ఒక్కరు కూడా చెప్పలేదు అన్నా. కడప చెల్లీ, బాక్సు సంగతి ఎలా కనిపెట్టావో, చాలా రోజులు సగం వెనక్కే వస్తోంది.

కానీ పెద్దాయన అన్నదే నా అసలు బాధ. ఆఫీసు పని రేపో మాపో అవుతుంది. బయటివాళ్ళ దగ్గర ఉన్న ఓర్పు ఇంట్లోవాళ్ళ దగ్గర ఎందుకు ఉండట్లేదు నాకు? నన్ను ఏమీ అననివాళ్ళ మీదే విసుగు వస్తోంది. అమ్మ ఉన్నప్పుడు ఇంతకంటే పెద్ద టెన్షన్లు ఉండేవి, ఆవిడకి మందులు, టెస్టులు, రాత్రిళ్ళు జాగారం. అప్పుడు ఒక్క మాట తూలలేదు. ఇప్పుడు కుళాయి దగ్గర కన్నీళ్ళొస్తున్నాయి. ఇదే నాకు అర్థం కావట్లేదు.

హైదరాబాద్ రైడర్:

నేను ఫుడ్ డెలివరీ చేస్తాను సిస్టర్, వాక్యం పెద్దగా తెలియదు, ప్రభువుని నమ్ముకుని రెండేళ్ళే. లిఫ్ట్ వాడొద్దు మెట్లెక్కి రా అని వాచ్‌మ్యాన్ అంటాడు, పైకెళ్తే ఎందుకు లేటని కస్టమర్ అరుస్తాడు. మా సెల్ గ్రూపులో (చిన్న ప్రార్థన గుంపు) అన్న ఒకటి నేర్పాడు. ఇంటి గుమ్మం దగ్గర హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, ఆ రోజు కోపం తెప్పించిన ఒక్కొక్కరినీ దేవుని ముందు పెట్టాకే లోపలికి వెళ్ళు అన్నాడు. "ప్రభువా, నాలుగో ఫ్లోర్ ఆయన" అంటాను, పేరు తెలియదు కాబట్టి. ఆయన్ని దీవించమని అడగడం మొదట్లో నోటికి రాలేదు, నీ చేతికి అప్పగిస్తున్నాను అని మాత్రం అనేవాణ్ణి. అది కూడా ప్రార్థనే అన్నాడు అన్న. మా పాప గుమ్మంలోనే ఎదురొస్తుంది, నాలుగో ఫ్లోర్ ఆయన మీద కోపం దానికి తగలకూడదు కదా.

భీమవరం పాస్టరమ్మ:

సిస్టర్, మీ రెండో మెసేజ్ చూశాకే రాయాలనిపించింది.

సంఖ్యాకాండం 20వ అధ్యాయం ఒకసారి తీయండి. మోషే బండను కొట్టిన అధ్యాయం. ఫరో ముందు నిలబడ్డవాడు, బంగారు దూడ దగ్గర జనం కోసం దేవుణ్ణి బతిమాలినవాడు, భూమి మీద ఉన్నవాళ్ళందరిలో మిక్కిలి సాత్వికుడని వాక్యమే సాక్ష్యమిచ్చినవాడు, నీళ్ళ గొడవ దగ్గర "ద్రోహులారా వినుడి" అని అరిచి బండను రెండుసార్లు కొట్టాడు. నీళ్ళ కోసం జనం సణగడం ఆయనకి కొత్తా? కాదు, అంతకుముందు ఎన్నిసార్లో ఓర్చుకున్నాడు. మరి ఆ రోజే ఎందుకు?

మొదటి వచనం చూడండి. మిర్యాము అక్కడ చనిపోయింది, అక్కడే పాతిపెట్టారు. ఆ వెంటనే రెండో వచనం, సమాజానికి నీళ్ళు లేకపోయాయని. తన అక్క. పసివాడుగా నీళ్ళలో జమ్ముపెట్టెలో ఉన్నప్పుడు దూరంగా నిలబడి చూసిన అక్క అని మనం నమ్మేది ఆమెనే. అహరోను చనిపోతే ఇశ్రాయేలీయులు ముప్ఫై దినాలు దుఃఖించారని అదే అధ్యాయం చివర ఉంది. మిర్యాము కోసం ఏడ్చినట్టు ఒక్క మాట కనబడదు, సమాధి, ఆ వెంటనే నీళ్ళ గొడవ. మోషే చేసింది సరైనదని నేననను, దేవుడూ అనలేదు, ఆయన దానికి వెల చెల్లించాడు. కానీ ఆ రెండు వచనాలూ పక్కపక్కనే ఎందుకున్నాయా అని చాలాకాలంగా నేను ఆలోచిస్తుంటాను. ఇది నా తలంపు, సిద్ధాంతంగా చెప్పట్లేదు.

సమాధుల తోటలో కూడా మీరే అందరికీ ధైర్యం చెప్పానన్నారు. మరి మీకు ఎవరు చెప్పారు? మీ ఇంట్లో అమ్మగారి గురించి ఏడ్చారా సిస్టర్, మీరూ నాన్నగారూ కలిసి? విశ్వాసం కదల్లేదంటే దుఃఖం లేదని కాదు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసిన ప్రభువు కూడా సమాధికి వెళ్ళే దారిలో కన్నీళ్ళు విడిచాడు. మన సంఘాల్లో జ్ఞాపకార్థ కూటం అయిపోయాక ఆ ఇంట్లోవాళ్ళని ఎవరూ పలకరించరు, సాక్ష్యం బాగా చెప్పారు అని మెచ్చుకుని వెళ్ళిపోతాం. పాస్టరమ్మగా ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ధైర్యంగా కనబడిన మనిషి ఇంటికే ముందు వెళ్ళాలి, మేము అందరికంటే చివర వెళ్తాం, లేదా అసలు వెళ్ళం.

నాన్నగారు ఒకే మాట రెండుసార్లు అడుగుతున్నారంటే, ఇంతకుముందు ఆ మాటలు ఎవరితో మాట్లాడేవారు? అమ్మగారితోనే కదా. మీకు అది ప్రశ్నలా వినబడుతోంది, ఆయనకి అది కబుర్లు మొదలుపెట్టే దారి కావచ్చు.

ఈ వారం 13వ కీర్తన ఆయనతో కలిసి పైకి చదవండి. ఆరు వచనాలే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అనే మొదలవుతుంది. దావీదు ఆ మాట అడిగి, ఆ తర్వాతే నీ కృపలో నమ్మకముంచానన్నాడు. ముందు సగం వదిలేసి చివరి వచనాలు మాత్రం చదవకండి. గొంతు లేచిన రోజున పడుకునేలోపే ఆయన దగ్గరికి వెళ్ళి, కోపం నీ మీద కాదు నాన్నా అని చెప్పండి. బైబిల్లోని ఎఫెసీ పత్రిక కోపానికి సూర్యాస్తమయం దాకా గడువు ఇచ్చింది, అంతకంటే లాగవద్దు. వివరణలు అక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు.

నాకు ప్రైవేటుగా మెసేజ్ పెట్టండి. మీ దగ్గరలో మాకు తెలిసిన సిస్టర్లు ఉన్నారు, వచ్చి కాసేపు కూర్చుంటారు, బోధించరు.

కువైట్‌లో కడప అమ్మాయి:

పాస్టరమ్మా, మా అమ్మ పోయినప్పుడు నాకు సెలవు ఇవ్వలేదు, ఫోన్‌లోనే చూశాను. మీరు రాసింది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను కూడా మీకు మెసేజ్ పెట్టొచ్చా?

భీమవరం పాస్టరమ్మ:

పెట్టు తల్లీ. ఏ టైమైనా పర్వాలేదు, రెండింటికైనా.

గుంటూరు సిస్టర్:

అమ్మ పోయి ఏడాది దాటింది. ఇంట్లో ఎవరం ఆవిడ మాట ఎత్తం, ఒకళ్ళనొకళ్ళం బాధపెట్టకూడదని. పాస్టరమ్మగారూ, మీరు అడిగినదానికి నా జవాబు లేదు అనే. మెసేజ్ పెట్టాను, చూడండి.

నిన్న రాత్రి పెద్దాయన చెప్పినట్టు నాన్ననే ప్రార్థన చేయమన్నాను. మొదట వద్దన్నారు. తర్వాత చేశారు, చాలాసేపు చేశారు, అమ్మ పేరు కూడా వచ్చింది అందులో. ఇంతకంటే ఇక్కడ రాయలేను.

యూనియన్ అన్నా, పీపీవో నంబర్ దొరికింది, పాత ఫైల్లో ఉంది. ఒక డౌట్. నాన్న ఆధార్‌కి ఇచ్చిన ఫోన్ నంబర్ అమ్మది. ఆ సిమ్ రీచార్జ్ చేయక ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

యూనియన్ అన్న:

నాన్నగారిని తీసుకుని ఆధార్ సెంటర్‌కి వెళ్ళి మీ నంబర్ ఎక్కించండి, దానికి ఆయన స్వయంగా రావాలి. అదే వెళ్ళడంలో వేలిముద్రలు, కళ్ళు కూడా కొత్తగా అప్‌డేట్ చేయమని అడగండి, రేషన్‌కీ బ్యాంకుకీ పనికొస్తుంది. ముందురోజే ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుంటే లైన్లో నిలబడే బాధ తగ్గుతుంది. ఇచ్చిన రసీదు పారేయకండి, దాని మీద నంబర్‌తోనే అప్‌డేట్ అయిందో లేదో చూసుకోవాలి. స్కూలుకి సగం రోజు సెలవు ముందే రాసిచ్చి వెళ్ళండి, కాపీ ఉంచుకోండి.